బూట్ అవ్వగానే నాస్ షేర్ దానంతటదే మౌంట్ అవ్వాలంటే ఎలా?

ఇంట్లో నాస్‌లో (నెట్‌వర్క్ ద్వారా వాడుకునే స్టోరేజ్ పెట్టె) ఉన్న ఫొటోల షేర్‌ని లినక్స్ డెస్క్‌టాప్‌లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో, అంటే ఫోల్డర్‌గా కలపాలో, రాసి ఉంచే ఫైల్) ద్వారా పెట్టాను, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ వేరే ఫైల్లో ఉంచి దానికి 600 పర్మిషన్ (ఓనర్ తప్ప మామూలు యూజర్లు చదవలేకుండా) ఇచ్చాను, నెట్‌డెవ్ (ఇది నెట్‌వర్క్ కావాల్సిన షేర్ అని చెప్పేది), నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా బూట్ ఆగొద్దని చెప్పేది) ఆప్షన్లు కూడా ఉన్నాయి. అయినా సిస్టమ్ ఆన్ చేస్తే ఫోల్డర్ ఖాళీ! లాగిన్ అయ్యాక టెర్మినల్‌లో చేత్తో మౌంట్ కమాండ్ కొడితే మాత్రం వెంటనే వచ్చేస్తుంది, అంటే పాస్‌వర్డ్, పాత్ సరిగ్గానే ఉన్నట్టే కదా. నా అనుమానం వైఫై మీద, నేను లాగిన్ అయితే గానీ అది కనెక్ట్ కాదు, మౌంట్ ప్రయత్నం అంతకంటే ముందే అయిపోతోంది. లాన్ కేబుల్ లాగమని మాత్రం చెప్పకండి, రూటర్ కింది అంతస్తులో ఉంది. వైఫైని యూజర్లందరికీ అని మార్చి బూట్‌లోనే కనెక్ట్ అయ్యేలా చేయాలా, లేక సిస్టమ్‌డీ (లినక్స్‌లో బూట్, సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) ఆటోమౌంట్ పెట్టి ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ అయ్యేలా చేయడం మేలా? రెండోది వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, నాస్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫైల్ మేనేజర్ హ్యాంగ్ అవుతోందా, టైమౌట్ ఎంత పెట్టారో కాస్త చెప్పండి.