అప్పు తెచ్చి రోడ్లు, రేవులు కట్టడం సబబేనా? దగ్గరగా చూసినవారు చెప్పండి

నిదానం:
ప్రభుత్వాలు భారీగా అప్పులు చేసి రోడ్లు, రైళ్లు, రేవులు కట్టవచ్చా అని చర్చ మొదలైతే చాలు, ఒకరు జపాన్ అంటారు, ఇంకొకరు శ్రీలంక అంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. ఆ పేర్ల వెనుక ఉన్న లెక్క తెలిసినవారు, ఇలాంటి పనుల్లో ఉన్నవారు రాస్తే చదవాలని ఉంది. నా మటుకు నాకు, డెబ్బై ఎనభై ఏళ్లు నిలిచే వంతెన ఖర్చంతా ఈ రెండు మూడేళ్ల పన్నుల్లోంచే తీయాలనడం న్యాయంగా తోచదు. దాని మీద నడవబోయేవారిలో చాలామంది ఇంకా పుట్టనేలేదు.

లెడ్జరు:
ప్రభుత్వ పనుల పద్దులు చూసి చూసి రిటైరయ్యాను. బయటికి కనబడని ఖర్చు ఒకటి చెబుతాను. చాలా విదేశీ రుణాల్లో ఒప్పందం కుదిరాక డబ్బు వాడుకున్నా వాడుకోకపోయినా ఊరుకోరు. వాడకుండా మిగిలిన మొత్తం మీద ఏటా కమిట్‌మెంట్ చార్జీ కట్టాలి. ఒక రోడ్డు పనికి నేను రాసిన పద్దులో ఆ చార్జీ గడి ఏటా నిండేది, పక్కన ‘జరిగిన పని విలువ’ గడిలో మాత్రం సున్నా. కారణం, భూసేకరణ తేలలేదు. భూమి చేతికి రాకుండా సంతకం ఎందుకు చేశారంటారా? సంతకం ఫొటోలో పడుతుంది, భూసేకరణ పడదు. పని మొదలయ్యేసరికి సిమెంటు, ఉక్కు ధరలు పెరిగి అంచనా తడిసి మోపెడైంది.

పైపులైను:
లెడ్జరు గారు చెప్పింది కట్టకముందు సంగతి. కట్టిన తర్వాతది నేను చెబుతాను. రుణంతో వచ్చిన తాగునీటి పథకంలో పనిచేశాను. రుణం పంపులకు వస్తుంది, పైపులకు వస్తుంది. కరెంటు బిల్లుకు రాదు, బేరింగులకు రాదు. అత్యవసరానికని పక్కన ఉంచిన పంపును మేమే విప్పి, ఒక్కో భాగం తీసి నడుస్తున్న పంపుకు బిగించాం. చివరికి దానికి చట్రం, రంగు మాత్రమే మిగిలాయి. తనిఖీకి వచ్చినవారు రెండు పంపులూ లెక్కపెట్టుకుని వెళ్లారు. కొన్నాళ్లకు ‘పునరుద్ధరణ’ పేరుతో అదే పథకానికి మరో రుణం మంజూరైంది. మొదటి అప్పు వాయిదాలు అప్పటికి సగమైనా తీరలేదు.

నిదానం:
నీటి చార్జీలతో నిర్వహణ గడవదా?

పైపులైను:
గడుస్తుంది, చార్జీ పెంచే ధైర్యం ఉంటే. మా దగ్గర ప్రతి ఎన్నికకూ వాయిదా పడేది.

బాండ్లబేరం:
శ్రీలంక మాట వచ్చింది కాబట్టి ఒక సవరణ. హంబన్‌టోట రేవు 2010లో తెరుచుకుంది, ఓడలు అనుకున్నట్టు రాలేదు. 2017లో చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకిచ్చి సుమారు 112 కోట్ల డాలర్లు తీసుకున్నారు. అప్పు కింద రేవు జమ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. ఆ డాలర్లు విదేశీ మారక నిల్వల్లోకి వెళ్లాయి, రేవు కోసం చేసిన అప్పు ప్రభుత్వం మీదే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసే నాటికి వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన డాలరు బాండ్లది. పర్యాటకం పడిపోయి, డాలర్లు రావడం ఆగాక రూపాయల్లో ఎన్ని పన్నులు వేసి ఏం లాభం?

జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండు రెట్లు దాటి ఉంది. అందులో అధిక భాగం యెన్‌లలో, స్వదేశీ బ్యాంకులు, బీమా సంస్థలు, కేంద్ర బ్యాంకు చేతుల్లోనే. అప్పు ఎంత అని అడిగే ముందు ఏ కరెన్సీలో అని అడగాలి.

పట్టాలపిచ్చి:
జపాన్ బుల్లెట్ రైలు షింకాన్‌సెన్‌కు 1961లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్లు ఇచ్చింది. 1964లో రైలు నడిచింది, 1981 నాటికి ఆ బాకీ తీరిపోయింది. అందరూ కథ ఇక్కడే ఆపేస్తారు. ఖర్చు అంచనాకు దాదాపు రెట్టింపైంది, ఆ గొడవలో రైల్వే అధ్యక్షుడు షింజి సోగో ప్రారంభోత్సవానికి ముందే తప్పుకోవలసి వచ్చింది. టోక్యో, ఒసాకాల మధ్య జనం ఉన్నారు, అందుకే ఆ లైను నిలదొక్కుకుంది. జనం లేని చోట్లకు కూడా రాజకీయ ఒత్తిళ్లతో పట్టాలు వేస్తూ పోయిన అదే జాతీయ రైల్వే, 1987లో ముక్కలై ప్రైవేటుపరమయ్యే నాటికి సుమారు 37 లక్షల కోట్ల యెన్‌ల అప్పులో ఉంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. న్యూయార్క్ రాష్ట్రం అప్పు చేసి 1825లో పూర్తిచేసిన ఈరీ కాలువ సుంకాలతోనే తన బాకీ తీర్చుకుంది. అది చూసి ఇండియానా 1836లో కోటి డాలర్ల అప్పుకు చట్టం చేసి కాలువలు, రోడ్లు, రైలుమార్గాలు ఒక్కసారే మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే మార్కెట్లు కుప్పకూలాయి. 1840ల తొలి సంవత్సరాల్లో ఎగవేసిన ఎనిమిది అమెరికన్ రాష్ట్రాల్లో ఇండియానా ఒకటి. కాలువ మంచిదే, కానీ న్యూయార్క్‌కు దొరికిన సరుకు అందరికీ ఎక్కడ దొరుకుతుంది?

ఉత్తరవాకిలి:
అందరూ అప్పు చేసి చెడినవారి గురించే రాస్తున్నారు. చేయకుండా చెడినవారు లేరా? జర్మనీ 2009లో రాజ్యాంగంలోనే రుణ పరిమితి రాసుకుంది, కేంద్రం ఏటా చేసే కొత్త అప్పుకు జీడీపీలో 0.35 శాతం. ఆ తర్వాత కొన్నేళ్లు వడ్డీ సున్నాకు దిగువకు పోయింది, అంటే మదుపుదారులే ఎదురు చెల్లించి అప్పిస్తామన్నారు. అప్పుడు తీసుకోలేదు. వంతెనలు మూతపడుతున్నాయి, రైళ్లు వేళకు రావడం లేదు. 2025లో రాజ్యాంగం సవరించి 50,000 కోట్ల యూరోల నిధి పెట్టారు, వడ్డీలు పెరిగాక! ఇంతకన్నా అసందర్భపు పొదుపు నేను చూడలేదు. మరమ్మతు మానేయడం కూడా అప్పే, బాండు కాగితం ఉండదు అంతే.

లెడ్జరు:
ఒప్పుకుంటాను. అయినా జర్మనీవారు పార్లమెంటులో ఓటు వేసి, బహిరంగంగా చేశారు. నేను చూసిన పద్ధతి వేరు. పరిమితి అడ్డొస్తే ఒక కార్పొరేషన్ పెడతారు, దాని పేర అప్పు తెస్తారు, ప్రభుత్వం పూచీకత్తు ఇస్తుంది. కార్పొరేషన్‌కు రాబడి ఉండదు, వాయిదాలు ఖజానా నుంచే వెళ్తాయి. బడ్జెట్ అప్పుల పట్టికలో మాత్రం ఆ పేరు కనబడదు.

నిదానం:
మరి మామూలు పౌరుడికి తెలిసేది ఎలా?

లెడ్జరు:
బడ్జెట్ ప్రసంగం పక్కన పెట్టండి. చివరి అనుబంధాల్లో పూచీకత్తుల జాబితా ఉంటే తీయండి, పోయిన ఏటి జాబితా పక్కన పెట్టి చూడండి. కొత్తగా చేరిన కార్పొరేషన్లకు సొంత రాబడి ఉందా లేదా అన్నది వాటి వార్షిక నివేదికలో చూడండి. అసలు నివేదికే వేయకపోతే, ఉండవలసిన అనుమానం అక్కడే ఉంది.

పైపులైను:
నిర్వహణ పద్దు కూడా చూడండి. కొత్త పనులకు ఎంత, పాతవాటి మరమ్మతుకు ఎంత. మా పథకానికి ఆ వరుసలో ఒక గీత మాత్రమే ఉండేది.