అమ్మతో కలిసి 'రానా నాయుడు' చూడవచ్చా?

ప్రశ్న:
మా అమ్మ వెంకటేష్ అభిమాని. 1992లో 'చంటి' వచ్చినప్పుడు నన్ను చంకనేసుకుని వెళ్లి రెండుసార్లు చూసిందట. వచ్చే వారం నుంచి నెల రోజులు మా ఇంట్లోనే ఉంటుంది. "వెంకటేష్, రానా తండ్రీకొడుకులుగా వేశారట, అది పెట్టరా" అని ఇప్పటినుంచే అడుగుతోంది. నేరకథ అని తప్ప నాకేమీ తెలియదు. ఇంట్లో పన్నెండేళ్ల పాప కూడా ఉంది. అందరం కూర్చుని చూడవచ్చా? నేరుగా రెండో సీజన్ మొదలుపెడితే అర్థమవుతుందా?

మొదటి జవాబు:
వద్దండీ. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన రోజే మేము ఆ పొరపాటు చేశాం. మామగారు, అత్తగారు, నేను, మా ఆయన వరసగా సోఫాలో కూర్చున్నాం. మొదటి ఎపిసోడ్ సగం కాకముందే మామగారు మంచినీళ్లకని లేచి వెళ్లి మళ్లీ రాలేదు. పచ్చి బూతులు, పడక సన్నివేశాలు. పెద్దలకు మాత్రమే అని ముందే వేస్తారు, వెంకటేష్ ఉన్నాడన్న ధీమాతో మనమే పట్టించుకోం.

రెండో జవాబు:
సిరీస్ చెడ్డదేమీ కాదు, ఇంటిల్లిపాదీ చూసేది కాదంతే. 'రే డోనవన్' అనే అమెరికా సిరీస్‌కు ఇది మన రూపం. ముంబయిలో సినిమావాళ్లు, డబ్బున్నవాళ్లు చేసిన తప్పులు బయటపడకుండా సర్దిపెట్టేవాడు రానా. పదిహేనేళ్లు జైల్లో ఉండి వచ్చిన తండ్రి నాగ, వెంకటేష్. నిజజీవితంలో బాబాయి, అబ్బాయి కదా, ఇక్కడ ఒకరినొకరు చూస్తేనే మండిపడతారు. నెరిసిన జుట్టుతో, సిగ్గూ ఎగ్గూ లేని ఆ ముసలివాడిగా వెంకటేష్ నాకు భలే నచ్చాడు. అయితే 'చంటి'ని గుండెల్లో పెట్టుకున్న మనిషికి అదే కష్టమనిపించవచ్చు. ఇంకో మాట. అసలు తీసింది హిందీలో. అదే తిట్టు తెలుగులో వినబడితే చెవిలో సీసం పోసినట్లుంటుంది. నేను హిందీలోనే పెట్టుకుని చూశాను.

రెండో సీజన్ 2025 జూన్‌లో వచ్చింది. తండ్రీకొడుకుల పగ మూలం తెలియాలంటే మొదటిది, పది ఎపిసోడ్లూ చూడాల్సిందే.

మూడో జవాబు:
పాప సంగతి ముందు చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఖాతా సెట్టింగులలో పాప ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టవచ్చు. ఒక్క సిరీస్ పేరు ఇచ్చి, అది మాత్రం కనబడకుండా చేసే వీలు కూడా అక్కడే ఉంది. మీ ప్రొఫైల్‌కు నాలుగంకెల పిన్ తప్పనిసరి, లేకపోతే పాప నేరుగా మీ దాంట్లోకే వెళ్తుంది. పిన్‌గా మీ పుట్టిన సంవత్సరం పెట్టకండి, పిల్లలు ముందు అదే కొడతారు.

అమ్మగారికి నేరకథే కావాలంటే 'దృశ్యం' పెట్టండి, మర్నాడు 'దృశ్యం 2'. రెండోది 2021లో థియేటర్‌కు రాకుండా నేరుగా ప్రైమ్ వీడియోలో వచ్చింది కాబట్టి ఆమె చూసి ఉండకపోవచ్చు. హత్య ఉంది, పోలీసులున్నారు, బూతు లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. అమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "బూతులైతే వద్దులే" అంది. కాసేపాగి, "జుట్టు నెరిసినా బాగున్నాడా?" అని అడిగింది. పోస్టర్ పంపించాను. మొదటి రోజు 'దృశ్యం 2'.