సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పి: వృద్ధులకు మాత్రల మోతాదు పెంచాలా, ముందు ప్యాచ్ వేయాలా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

మా నాన్నగారికి 76 ఏళ్లు. ఐదు నెలల క్రితం కుడివైపు పక్కటెముకల వెంబడి సర్పి వచ్చింది. పొక్కులు మూడు వారాల్లో ఎండి పెచ్చులు రాలిపోయాయి గాని, అరచేతి వెడల్పున అక్కడ మంట మాత్రం నేటికీ చల్లారలేదు. ఫ్యాను గాలికి చొక్కా కదిలి ఒంటికి తగిలినా ఉలిక్కిపడతారు. అదే చోట అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే కాస్త ఊరటగా ఉంటుందంటారు. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు వాడుతున్నాం. పదికి ఎనిమిదిగా ఉన్న నొప్పి ఆరుకు దిగింది. అయితే మూడో వారం నుంచి పగలంతా మగతగా ఉంటున్నారు, రాత్రివేళ లేచినప్పుడు రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నారు. రోజుకు 1800 మిల్లీగ్రాములకు పెంచనిదే ఆ మందు పనిచేస్తుందో లేదో తేలదని మా అన్నయ్య అంటున్నాడు. మాత్ర మానేసి, చర్మం మీద అంటించి ఆ చోటును మొద్దుబార్చే లిడోకెయిన్ ప్యాచ్‌కు మారాలన్నది నా వాదన. నాన్నగారికి ప్రోస్టేట్ వాపు కూడా ఉంది. ఈ వయసులో దేనికి మొదటి స్థానం ఇవ్వాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నొప్పి చికిత్స విభాగంలో పనిచేసే వైద్యుడు:

పొక్కులు వచ్చిన మూడు నెలల తరువాత కూడా నొప్పి నిలిచి ఉందంటే అది చర్మం నొప్పి కాదు, దెబ్బతిన్న నరం నొప్పి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో ఏళ్ల తరబడి దాగి ఉండి, తిరిగి లేచినప్పుడు ఆ నరాన్ని గాయపరుస్తుంది. అందుకే పారాసెటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు దీని మీద పెద్దగా పనిచేయవు. వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ వంటి మందులకు అదను పొక్కులు కనిపించిన తొలి 72 గంటలు. ఐదు నెలల తరువాత వాటితో ప్రయోజనం లేదు.

అసలు ప్రశ్నకు వస్తే, నేను మీ అన్నయ్యగారి వైపే ఉన్నాను. నరాల నొప్పి మందులపై అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘానికి చెందిన నిపుణుల బృందం 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ప్రచురించిన సిఫార్సులు గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వర్గాన్ని మొదటి వరుసలోను, లిడోకెయిన్ ప్యాచ్‌ను రెండో వరుసలోను ఉంచాయి. సర్పి తరువాతి నొప్పిలో రోజుకు 1200 మిల్లీగ్రాములు, అంతకు మించి గాబాపెంటిన్ వాడిన పరీక్షలను కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ 2017లో కలిపి చూసినప్పుడు, నొప్పి సగానికి సగం తగ్గినవారు నూటికి 32 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో నూటికి 17 మంది. 900 దగ్గర ఆగిపోయి మందు విఫలమైందనడం తొందరపాటు.

ఫార్మసిస్టుగా పనిచేసే సభ్యురాలు:

డాక్టరు గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అయితే ఆ సిఫార్సుల్లోనే, వయసు మీరి బలహీనంగా ఉన్నవారిలో మొదటి వరుస మందుల దుష్ప్రభావాల గురించి భయం ఉన్నప్పుడు లిడోకెయిన్ ప్యాచ్‌తోనే మొదలుపెట్టవచ్చన్న మాట కూడా ఉంది. రుజువు ఎంత గట్టిదో చెప్పే వరుస వేరు, ఎదురుగా కూర్చున్న మనిషికి ఏది సరిపడుతుందో తేల్చే వరుస వేరు. ఇక్కడ రెండుసార్లు తూలిన మనిషి ఉన్నారు. మూడోసారి పడి తుంటి ఎముక విరిగితే, నొప్పి ఆరు నుంచి నాలుగుకు తగ్గిందన్న సంతోషం ఏం మిగులుతుంది?

ప్రశ్న అడిగిన సభ్యుడు గారూ, నాన్నగారి బరువు, కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలో ఇటీవలి క్రియాటినిన్ ఎంతో చెప్పగలరా? గాబాపెంటిన్ శరీరంలో విరగదు, మూత్రపిండాల ద్వారానే ఉన్నది ఉన్నట్టుగా బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే అదే మోతాదు రక్తంలో పేరుకుంటుంది.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

బరువు 52 కిలోలు. క్రియాటినిన్ 1.1 ఉంది; రిపోర్టులో మామూలేనని రాశారు.

ఫార్మసిస్టుగా పనిచేసే సభ్యురాలు:

చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. వృద్ధులలో కండ తగ్గిపోవడం వల్ల క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది, అందువల్ల కిడ్నీ మందగించినా రిపోర్టు మామూలుగానే కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: 140 నుంచి వయసు 76 తీసివేస్తే 64, దాన్ని 52 కిలోలతో హెచ్చించి, 72ను 1.1తో హెచ్చించగా వచ్చిన దానితో భాగిస్తే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 42 మిల్లీలీటర్లు వస్తుంది. వడపోత 30 నుంచి 59 మధ్య ఉన్నవారికి గాబాపెంటిన్ రోజు మొత్తానికి 400 నుంచి 1400 మిల్లీగ్రాములు, అదీ రెండు విడతలుగా ఇవ్వాలని మందు సమాచార పత్రమే చెబుతుంది. అంటే 1800 ఆయనకు నిర్ణయించిన హద్దు దాటిన మోతాదు. మీరు చిన్న మోతాదు అనుకుంటున్న 900 కూడా ఆయన శరీరానికి చిన్నది కాదు.

ప్యాచ్ విషయానికొస్తే, 5 శాతం లిడోకెయిన్ ప్యాచ్‌లో ఉన్న మందులో సుమారు 3 శాతమే రక్తంలోకి చేరుతుంది. మగత, తూలు రావడానికి ఆ కాస్త చాలదు. చర్మం పూర్తిగా మానిన చోట మాత్రమే, 24 గంటల్లో 12 గంటలకు మించకుండా, ఒకేసారి మూడింటికి మించకుండా వేయాలి. అరచేతి వెడల్పు చోటు కాబట్టి ఒకటి చాలవచ్చు, కావలసిన మేరకు కత్తిరించుకోనూవచ్చు. గుండె లయకు మందు వాడుతుంటే ముందుగా డాక్టరుకు చెప్పి తీరాలి.

మరొక్క విషయం, మాత్రను మాత్రం ఉన్నపళంగా ఆపకండి. కనీసం వారం రోజులు పట్టేలా మెల్లగా దించాలి.

సర్పి నొప్పితో రెండేళ్లు గడిపిన సభ్యురాలు:

నాకు 63 ఏళ్లు. నాకు గాబాపెంటిన్ పడలేదు, ప్యాచ్ పనిచేయలేదు. నిలబెట్టింది అమిట్రిప్టిలిన్ వర్గానికే చెందిన నార్ట్రిప్టిలిన్, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 30 దాకా వెళ్లాను. ఆరు వారాల దాకా నోరు ఎండిపోవడం తప్ప మరే మార్పూ కనిపించలేదు, మానేద్దామని నిశ్చయించుకున్న రోజులూ ఉన్నాయి. ఏడో వారంలో ఒకరోజు స్నానం చేస్తుండగా నీళ్లు ఆ చోట పడినా నేను ఒళ్లు ముడుచుకోలేదని గమనించాను. గడువు పూర్తి కాకుండా మందు మార్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే నేనే అలా మూడు మందులు మార్చి ఏడాది పోగొట్టుకున్నాను.

నొప్పి చికిత్స విభాగంలో పనిచేసే వైద్యుడు:

క్రియాటినిన్ లెక్క చూశాక 1800 మాట వెనక్కి తీసుకుంటున్నాను. బరువు అడగకుండా అంకె చెప్పడం నా పొరపాటు.

నార్ట్రిప్టిలిన్ మంచి మందే. అమిట్రిప్టిలిన్ కంటే వృద్ధులు దాన్ని కొంత తట్టుకోగలరు కూడా. కానీ ఈ నాన్నగారి విషయంలో నేను సమ్మతించను. ప్రోస్టేట్ వాపు ఉన్నవారిలో ఈ వర్గపు మందు మూత్రాన్ని బిగబట్టవచ్చు. నీటికాసుల జబ్బు (గ్లకోమా), గుండె విద్యుత్ ప్రసారంలో లోపం ఉన్నవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది.

ప్యాచ్ గురించి నా సందేహం మాత్రం అలాగే ఉంది. చర్మంపై వాడే లిడోకెయిన్‌పై 2014లో వచ్చిన కోక్రేన్ సమీక్షకు నాణ్యమైన పరీక్షల ఆధారం దొరకలేదు. హాని తక్కువ అన్నది నిజం, ఫలితం ఉంటుందన్న హామీ మాత్రం లేదు. కాబట్టి ప్యాచ్ వేసి మాత్రను పూర్తిగా మానడం కంటే, కిడ్నీకి తగినట్టు మాత్రను తగ్గించి ప్యాచ్‌ను జత చేయడం మేలని నా అభిప్రాయం. రెండూ చాలకపోతే మిరపకాయల్లో ఘాటునిచ్చే పదార్థంతో చేసిన 8 శాతం క్యాప్సైసిన్ ప్యాచ్ ఉంది. దాన్ని వైద్య పర్యవేక్షణలో ఒక గంట సేపు వేసి తీసేస్తారు, మూడు నెలల లోపు మళ్లీ వేయరు. ఆ గంటా భగ్గుమంటుందని ముందే చెప్పి ఒప్పించాలి.

ఫార్మసిస్టుగా పనిచేసే సభ్యురాలు:

జత చేయడానికి నేనూ సమ్మతమే. నా పట్టుదల అంతా ఒక్క విషయం మీదే: ముందు తూలు ఆగాలి, ఆ తరువాతే నొప్పి అంకె గురించి మాట్లాడుకోవాలి.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

నాలుగు వారాల తరువాత రాస్తున్నాను. లెక్క కాగితం చూపించగానే నాన్నగారి డాక్టరు గాబాపెంటిన్‌ను ఉదయం 300, రాత్రి 300గా తగ్గించి, పగటిపూట ఒక ప్యాచ్ వేయమన్నారు. పది రోజుల్లో మగత వదిలింది, మళ్లీ తూలలేదు. నొప్పి పగలు నాలుగు దగ్గర ఉంటోంది, ఇప్పుడు గుండీలు పెట్టుకుని చొక్కా వేసుకుంటున్నారు. అది మందు గుణమా, కాలంతో వచ్చిన తగ్గుదలా అని అన్నయ్య అడుగుతున్నాడు, నా దగ్గర జవాబు లేదు. అయితే ఉదయం ఎనిమిదికి వేసిన ప్యాచ్ రాత్రి ఎనిమిదికి తీసేశాక నొప్పి ఐదు, ఆరుకు వెళ్తోంది. వేళ మార్చి రాత్రి వేయవచ్చా?

ఫార్మసిస్టుగా పనిచేసే సభ్యురాలు:

వేయవచ్చు. 12 గంటలకు మించకపోతే చాలు, అవి ఏ 12 గంటలన్నది నాన్నగారి ఇష్టం. పగలు చొక్కా తగలడం ఎక్కువ బాధా, రాత్రి నిద్ర చెడడం ఎక్కువ బాధా అని ఆయన్నే అడగండి.