నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడ్ తగ్గించిన నీటికి స్పాడ్న్స్ (ఫ్లోరైడ్ కొలిచే రంగు పరీక్ష) రీడింగ్ తక్కువ వస్తోంది, ఎందుకు?

నీటిపరీక్ష: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి తేర్చిన బోరు నీళ్లండీ. జిర్కోనియం–స్పాడ్న్స్‌తో 570 నానోమీటర్ల దగ్గర ఫ్లోరైడ్ లీటరుకు 0.6 మి.గ్రా. వస్తోంది, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ 1.1 చూపిస్తోంది. శుద్ధికి ముందు నీళ్లను పలచన చేసి చూస్తే రెండూ కలుస్తున్నాయి. దేన్ని నమ్మాలి?

ఎర్రరంగు: టిసాబ్‌లో (ఎలక్ట్రోడ్‌తో కొలిచే ముందు శాంపిల్‌లో కలిపే బఫర్) సీడీటీఏ (అల్యూమినియాన్ని పట్టుకుని ఫ్లోరైడ్‌ని విడిపించే రసాయనం) ఉంటే ఎలక్ట్రోడ్‌నే నమ్మండి. స్పాడ్న్స్ రంగు జిర్కోనియంతో కలిసి ఎర్రటి కాంప్లెక్స్ కడుతుంది. ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు వెలుస్తుంది. ఎంత వెలిస్తే అంత ఫ్లోరైడ్. మీ నీళ్లలో పటిక నుంచి మిగిలిన అల్యూమినియం ఆ ఫ్లోరైడ్‌ని ముందే పట్టేసుకుంది. వెంటనే రీడింగ్ తీస్తే 0.1 మి.గ్రా. అల్యూమినియం చాలు, ఫ్లోరైడ్ 0.1 తగ్గి కనబడుతుంది. ఆ బంధం ఆమ్లంలో మెల్లగా విడుతుంది కాబట్టి, రెండు గంటలు ఆగి చూస్తే అంతే తేడా రావడానికి 3 మి.గ్రా. కావాలి.

తేల్చుకోవడం తేలిక. 50 మి.లీ. శాంపిల్‌కి 10 మి.లీ. కలిపిన రీఏజెంట్ వేసి వెంటనే ఒకసారి, రెండు గంటలకి మరోసారి చూడండి. స్టాండర్డ్‌లూ (ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు) అదే ఉష్ణోగ్రతలో, అంతే సేపు ఉండాలి. వాటితో పోలిస్తే శాంపిల్ విలువ పెరిగితే దోషి అల్యూమినియమే.

జలరసాయనం: బ్లీచింగ్ సంగతి మరవకండి. మిగిలిన క్లోరిన్ కూడా రంగుని వెలగొడుతుంది, అంటే ఫ్లోరైడ్ ఎక్కువ చూపిస్తుంది. పటికతో వచ్చే సల్ఫేట్‌దీ అదే దారి: 200 మి.గ్రా.కి 0.1 పెరుగుతుంది. ఈ తప్పులు అల్యూమినియం తప్పుని కొంత కప్పేస్తాయి, అసలు ప్రమాదం అక్కడే. క్లోరిన్‌ని పోగొట్టడానికి సోడియం ఆర్సెనైట్ వాడితే ఆర్సెనిక్ ఉన్న ఆ వ్యర్థాన్ని సింకులో పోయకూడదు. ఆర్సెనిక్ లేని స్పాడ్న్స్ రీఏజెంట్ దొరుకుతోంది, అదే మేలు.

నీటిపరీక్ష: టిసాబ్ ఇంట్లోనే కలిపాం. సీడీటీఏ ఎంత ఉండాలి?

ఎర్రరంగు: లీటరుకు 4 గ్రాములు, పీహెచ్ 5.3–5.5 మధ్య. శాంపిల్, టిసాబ్ సమానంగా, ప్లాస్టిక్ బీకర్లో. స్పాడ్న్సే వాడాలంటే ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో స్వేదనం చేయండి, 180 డిగ్రీలు దాటితే సల్ఫేట్ కూడా వచ్చేస్తుంది.

జలరసాయనం: తాగేవాళ్ల కోసం అల్యూమినియం కూడా కొలవండి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.03, వేరే నీటి వనరు లేకపోతే 0.2 మి.గ్రా. వరకే ఉండాలి. సున్నం ఎక్కువై పీహెచ్ 8 దాటితే అల్యూమినియం అల్యూమినేట్‌గా మళ్లీ కరుగుతుంది, ఆ మోతాదు ముందు సరిచూడండి.