పెద్దవాళ్లతో రోమ్ యాత్ర: ఒకే రోజులో అన్నీ చూడగలమా?

ప్రశ్న (నల్గొండ నుంచి)

మా నాన్నగారు చరిత్ర ఉపాధ్యాయులుగా పనిచేసి విరమణ పొందారు. మన జిల్లాలోని అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికిన సంగతిని ఆయన ప్రతి తరగతికీ చెప్పేవారు. ఆ సామ్రాజ్యపు రాజధానిని ఆయనకు చూపించాలని అక్టోబరులో రోమ్ వెళ్లాలనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, ఇద్దరూ శాకాహారులే. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్రణాళికలో కొలోసియం (పురాతన రోమన్ క్రీడారంగం), వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ ఒకే రోజులో ఉన్నాయి. అది సాధ్యమేనా? వెళ్లినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

దయచేసి ఆ ప్రణాళికకు ఒప్పుకోకండి. కొలోసియం టికెట్టుతోనే పక్కనున్న రోమన్ ఫోరమ్ (పాత నగర కూడలి శిథిలాలు), పాలటైన్ గుట్ట కూడా చూడవచ్చు కాబట్టి ఆ మూడింటికే ఒక రోజు కేటాయించండి. టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి, ముందుగానే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. క్రీ.శ. 80లో ప్రారంభమైన ఆ కట్టడంలో ఇప్పుడు లిఫ్టు ఉంది. కానీ ఫోరమ్‌లోని పాతకాలపు బండరాళ్ల బాట ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక అమ్మగారికి గట్టి అడుగున్న బూట్లు, వీలైతే చేతికర్ర అవసరం.

మీ నాన్నగారిని మాత్రం టెర్మినీ రైల్వే స్టేషను పక్కనున్న పలాజో మాసిమో మ్యూజియానికి తప్పకుండా తీసుకెళ్లండి. కింది అంతస్తులో నాణేల సేకరణ ఉంది. అక్కెనపల్లిలో దొరికినవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు దినారాలనే వెండి నాణేలే కాబట్టి, అలాంటి వాటిని అక్కడ దగ్గరగా చూస్తున్నప్పుడు ఆయనకు కలిగే ఆనందం ముందు మిగిలిన జాబితా అంతా చిన్నదే అని నా నమ్మకం.

జవాబు (సూర్యాపేట నుంచి)

పై మాటతో ఏకీభవిస్తున్నాను. పాంథియన్ అనే పురాతన రోమన్ ఆలయాన్ని కూడా చేర్చుకోండి. 43 మీటర్లకు పైగా వెడల్పున్న ఆ కాంక్రీటు గుమ్మటంలో ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. నడినెత్తిన తెరిచి ఉంచిన గుండ్రటి రంధ్రంలోంచి పడే వెలుగు పొద్దు జరిగేకొద్దీ గోడల మీద కదులుతుంది. వాన పడితే ఆ నీరు నేలలోని చిన్న చిన్న బెజ్జాల గుండా బయటికి పోతుంది. నల్గొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కదలని నీడను చూసి పెరిగినవారికి ఈ కదిలే వెలుగు ప్రత్యేకంగా నచ్చుతుంది. అక్కడి నుంచి ట్రెవీ ఫౌంటెన్‌కు నడిచి వెళ్లవచ్చు. తెల్లవారుజామున వెళితే జనం తక్కువ.

భోజనం విషయంలో ఒక జాగ్రత్త: పార్మెజాన్, పెకొరీనో చీజ్‌ల తయారీలో దూడ లేదా గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన తోడును వాడతారు. పట్టింపు ఉంటే చీజ్ లేని మరినారా పిజ్జా అడగండి. అందులో టమాటా, వెల్లుల్లి, ఓరెగానో మాత్రమే ఉంటాయి. తాగునీరు కొనక్కర్లేదు, వీధి కుళాయిల్లో వచ్చేది మంచినీరే.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

వాటికన్‌కు వేరే రోజు పెట్టుకోండి. సెయింట్ పీటర్స్ చర్చిలోకి ప్రవేశం ఉచితమే అయినా భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ఉండాలి. చీర మీద ఒక శాలువా చాలు. గుమ్మటం పైకి లిఫ్టులో కొంత దూరమే వెళ్లగలం, ఆపైన ఇంకా 320 మెట్లు ఎక్కాలి కాబట్టి అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి. వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు (పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దవాళ్ల బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.