మూకుడు మండుతోందా, మూకుడు మూయాలా?

మిత్రులారా, ఈసారి చర్చకు వంటింటి మంటను తెచ్చాను.

నూనె బాగా కాగి మంట లేచిందనుకుందాం. వంటింట్లో ఇద్దరున్నారు, ఒకావిడది గోదావరి వైపు, ఇంకొకావిడది తెలంగాణ. ఇద్దరూ ఒకేసారి "మూకుడు! మూకుడు!" అని కేక వేస్తారు. గోదావరి ఆవిడ వేలు చూపిస్తున్నది మండుతున్నదాన్ని. గారెలు వేయించే మూకుడు అదేగా! తెలంగాణ ఆవిడ అడుగుతున్నది దాన్ని మూయడానికి. అక్కడ మూకుడంటే కుండ మీద పెట్టే మట్టి మూత. ఒకే మాట, ఒక చోట కాలుతోంది, ఇంకో చోట కాపాడుతోంది. నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం.

ఆ క్షణానికి మాత్రం నా ఓటు తెలంగాణ మూకుడికే. మండే నూనె మీద నీళ్లు అస్సలు పోయకూడదు. నీరు నూనె కంటే బరువు, అడుక్కి దిగుతుంది, ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను పైకి చిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేస్తే గాలి అందక మంట ఆరిపోతుంది. చల్లారేదాకా మూత తీయకూడదు.

స్టవ్ "ఆపి" అన్నానా, అక్కడా గొడవే. కోస్తాలో "స్టవ్ కట్టెయ్" అనడం మామూలు. తెలంగాణలో "బంద్ చెయ్". "కట్టెయ్" వినగానే తాడు కోసం వెతికే వాళ్లుంటారు కానీ, కుళాయి కట్టెయ్యడం ఎలాగో ఇదీ అలాగేనని నాకనిపిస్తుంది. పారేదానికి కట్ట వేయడం. గ్యాస్ కూడా గొట్టంలో వచ్చేదే కదా. ఇక "ఆర్పు" అనడానికి చాలా ఇళ్లలో నోరు రాదు. దేవుడి దీపమైతే మరీనూ, అది ఆరదు, కొండెక్కుతుంది.

గ్యాస్ అంటే గుర్తొచ్చింది. తెలంగాణలో పెద్దవాళ్లు కిరసనాయిలును "గ్యాస్ నూనె" అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోస్తా కోడలిని "గ్యాస్ నూనె పట్రా బిడ్డా" అంటే ఆమె సిలిండర్ వైపే చూస్తుంది.

అసలు తగువంతా వెలిగించడం దగ్గరే. పొయ్యి అంటించాలా, ముట్టించాలా, రాజేయాలా, వెలిగించాలా? మా మాటే సరైనదని ప్రతి ప్రాంతం వాళ్లూ పట్టుబడతారు. నా ఉద్దేశంలో ఇవి మొదట నాలుగు పేర్లు కావు, వేర్వేరు పనులు. అంటు, ముట్టు రెండూ తాకడమే. ఒక నిప్పును తెచ్చి ఇంకోదానికి తాకించడం. పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకునే రోజులుండేవి కాబట్టే ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగేవాడు సామెతలోకి ఎక్కాడు. వెలిగించడం దీపానిది, వెలుతురు కోసం. స్టవ్‌కి ఆ మాట దీపం నుంచే వచ్చిందనిపిస్తుంది. పేదింటి మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చే పథకానికి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన పేరు కూడా "దీపం". 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకం వచ్చినప్పుడూ అదే పేరు, దీపం-2.

నాకు ప్రాణమైన మాట మాత్రం రాజేయడం. రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పేసేవాళ్లు. పొద్దున్నే ఆ బూడిదను పుల్లతో పక్కకు నెడితే అడుగున ఎర్రగా కన్ను తెరిచినట్టు ఒక కణిక. దాని మీద పిడక తునక, నాలుగు చితుకులు, ఊదుగొట్టంతో మెల్లగా ఊదడం. గట్టిగా ఊదితే బూడిద మొహాన కొడుతుంది. ముందు పొగ, కళ్లమ్మట నీళ్లు, తర్వాత ఠక్కున మంట. ఇది వెలిగించడం ఎలా అవుతుంది? నిప్పు రాత్రంతా అక్కడే ఉంది, లేపుతున్నాం అంతే. నివురు గప్పిన నిప్పు అన్న మాట పుట్టింది కూడా ఈ బూడిదలోంచే. ఇప్పుడు వంటింట్లో రాజేసేవాళ్లు తగ్గారు, పేపర్లలో మాత్రం వివాదాలు రోజూ రాజుకుంటున్నాయి. అలిగిన నాయకులు ఇంకా "వేరు కుంపటి" పెడుతూనే ఉన్నారు, వాళ్లలో కుంపటి మీద కాఫీ కాచినవాళ్లు ఎందరున్నారో!

"పొయ్యిలో పిల్లి లేవలేదు" అన్న మాట మా ఇంటి పిల్లలకు అర్థం కాలేదు. స్టవ్‌లో పిల్లి ఎలా పడుతుందని అడిగారు. వెచ్చటి బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకునేదని, పొద్దున పొయ్యి రాజేస్తేనే లేచి వెళ్లేదని, అది లేవలేదంటే ఆ ఇంట ఆ పూట వంట లేనట్టని విడమరిచి చెప్పాక ఊరుకున్నారు. ఇంతటి పేదరికాన్ని, దాన్ని తలుచుకుని నవ్వే ధైర్యాన్ని మూడు మాటల్లో ఇమిడ్చిన వాళ్లకు దండం పెట్టాలి.

రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులు చెప్పండి. మీ ఇళ్లలో పెద్దవాళ్లు పొయ్యిని ఏం చేస్తారు, ముట్టిస్తారా, అంటిస్తారా? ఊదుగొట్టానికి, బూడిద తీసే పుల్లకు ప్రత్యేకమైన పేర్లున్నాయా? ఊరి పేరుతో సహా రాస్తే రాసుకుంటాను.