పాలమూరు లైనులో బొగ్గు ఇంజను కూత ఎవరికైనా గుర్తుందా?

దేవరకద్రవాసి: మీటర్ గేజ్ రోజుల్లో కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే పొగబండ్లను చూసినవాళ్లు మీ జ్ఞాపకాలు రాయండి. మాకు వేరుశనగ చేలో నిలబడితే ముందు ఇంజను మీద తెల్లటి ఆవిరి లేవడం కనిపించేది, కూత ఆ తరువాతే చెవిన పడేది.

సైన్సు పంతులు: ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే వెళుతుంది. బండి కిలోమీటరు అవతల ఉంటే కూత మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మెరుపు, ఉరుముల కన్నా ఈ ఉదాహరణే మా పిల్లలకు బాగా పట్టేది.

గద్వాల ఆడపడుచు: మా నాన్న ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరు అయ్యారు. ప్రయాణికుల బండ్లకు వైపీ ఇంజన్లు, గూడ్సుకు వైజీలు ఉండేవి. కూత పుట్టేది బాయిలర్‌లోని ఆవిరితోనే. ఎంత లాగితే అంత పలుకుతుంది కాబట్టి ఒక్కో డ్రైవరుది ఒక్కో తీరు. అమ్మ వంటింట్లోంచే నాన్న బండిని గుర్తుపట్టి పొయ్యి మీద ఎసరు పెట్టేది. అయితే కూతను తలచుకునేవాళ్లు ఫైర్‌మన్ కష్టాన్నీ తలచుకోవాలి. పాలమూరు ఎండల్లో ఆ మంట ముందు నిలబడి పారతో బొగ్గు వేయడం మాటలు కాదు. చొక్కాకు పట్టిన నుసి ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు.

నల్లగొండ తమ్ముడు: అక్కా, మా పట్టణానికి అప్పట్లో రైలే లేదు. బీబీనగర్–నడికుడి లైను వచ్చేదాకా బండి ఎక్కాలంటే భువనగిరి పోవాల్సిందే. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలక పడేది. అమ్మ కొంగు ఉండచుట్టి, నోటితో ఊది, కంటికి కాపడం పెట్టేది.

జడ్చర్ల పెద్దమనిషి: మా నాయనమ్మ వానరాత్రి కూత వినిపిస్తే లేచి కూర్చునేది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వంద మందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పదవి వదిలింది దానికే.

సైన్సు పంతులు: పెద్దాయనా, అప్పుడు ఆయన రాజీనామా ఇచ్చారు గానీ నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తరువాత ఇచ్చిన రాజీనామా ఆమోదం పొందింది.

దేవరకద్రవాసి: గద్వాల అక్కా, నాన్నగారి కూత ఎలా ఉండేది?

గద్వాల ఆడపడుచు: ఒకటి పొట్టిగా, వెంటనే ఇంకొకటి బాగా సాగదీసి, చివర్లో సన్నగా తగ్గించేవారు. ఈ లైనులో ఆయనతో పనిచేసినవాళ్ల పిల్లలు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. మీ ఇళ్లలోనూ కూత వినే ఎసరు పెట్టేవారా?